పత్తిగది గడియ

ఫోన్ మోగేటప్పటికి నా చేతులనిండా మిరపకాయల ఘాటు. మధ్యాహ్నం భోజనమయ్యాక వసారాలో కాయలు కుప్పపోసుకుని తాలు ఏరుతున్నాను. ఎర్రటి కాయల మధ్య తెల్లబడిపోయిన కాయలుంటాయి చూశారూ, వాటినే తాలంటాం. వాటిని వేరు చెయ్యకుండా గుంటూరు యార్డుకి తోలితే వ్యాపారి పెదవి విరుస్తాడు. మా ఆయన చెంచయ్య అప్పటికే ఒక లోడు వేసుకుని యార్డుకి వెళ్ళాడు. కూలివాళ్ళు చేలో ఉన్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే.

ఆ రోజుల్లో మా వీధి మొత్తానికీ ఫోను మా ఇంట్లోనే ఉండేది. పి.పి. అని పక్కన రాసి మా నంబరు ఇచ్చుకున్నవాళ్ళు వీధినిండా ఉన్నారు. ఎవరికో పిలుపు వచ్చి ఉంటుంది, మళ్ళీ నేనే వెళ్ళి కేకెయ్యాలి అని విసుక్కుంటూ కొంగుతో రిసీవరు పట్టుకున్నాను.

"ఎవరూ?"

"అక్కా... నేను. బిందుమాధవిని."

నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడమనేది నాకు జీవితంలో అరుదుగా జరిగే సంగతి.

బిందుమాధవి ఎవరో కాదు, మా గోడ పక్కింటి శివరామకృష్ణ పెళ్ళాం. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. కానీ మూడేళ్ళుగా మా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కారణం చెబితే బస్తీవాళ్ళు నవ్వుతారు. పత్తి పగిలి చేను తెల్లగా నిలబడ్డప్పుడు రైతుకి దేవుడికంటే ముఠా మేస్త్రి ఎక్కువ. పత్తి తీసే ముఠాని నేను నెల ముందే మాట్లాడుకుంటే, ఈవిడ కిలోకి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి, పైగా ఆటో పెట్టి, తెల్లారేసరికి వాళ్ళని తన చేలోకి మళ్ళించుకుపోయింది. మర్నాడే వాన. నా పత్తంతా తడిసి, మట్టికొట్టుకుపోయి, చింపిరి జుట్టులా వేలాడింది. నేను వాళ్ళ గుమ్మం ముందు నిలబడి గొంతు పోయేదాకా తిట్టాను. ఆవిడా తక్కువ తినలేదు. "నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీతో నాకు మాటలేంటి?" అని వీధి వీధంతా వినేలా అరిచి తలుపేసుకుంది. ముఠా పోయినందుకంటే ఆ మాటకి నాకు ఎక్కువ మండింది. అది నిజం కాబట్టి.

అలాంటి మనిషి ఇప్పుడు ఫోన్లో అక్కా అంటోంది.

"అక్కా, మా ఇంటికెళ్ళు. ఉన్నపళంగా వెళ్ళు. ఆయన దగ్గర కూర్చో. నేనొచ్చేదాకా వదలొద్దు" అంది. తర్వాత ఏడుపు. ఏమైందే, ఎక్కణ్ణించే అని నేను అరుస్తుంటే రిసీవరు చేతులు మారింది.

"అమ్మా, నమస్కారమండి. నా పేరు రహిమున్నీసా" అంది ఇంకో ఆడగొంతు. తొందరపాటు లేని గొంతు. "గుంటూరులో మనసు బాగాలేనివాళ్ళకి వైద్యం చేసే డాక్టరు గారి దగ్గర పనిచేస్తానండి. వచ్చినవాళ్ళతో మాట్లాడటం నా పని. శివరామకృష్ణ గారు చచ్చిపోతానని ఇంట్లో అన్నారట. రమ్మంటే రానన్నారని ఈవిడ ఒక్కరే వచ్చారు. ఇంట్లో పురుగుమందు ఉందా అని అడిగాను. ఆయనకి కనపడకుండా దాచేశానన్నారు. ఎక్కడ దాచారంటే పత్తిగదిలో, పత్తి లోపల అన్నారు. మరి ఆయన పగలంతా ఎక్కడుంటారని అడిగాను."

"ఎక్కడుంటాడు?"

"ఆ పత్తిగదిలోనేనట. అక్కడ చప్పుడుండదని, వెళ్ళి పడుకుంటున్నారట. అడిగితే తప్ప ఆవిడకి ఆ రెండూ కలిసి తట్టలేదు."



మా వైపు సంగతి తెలియనివాళ్ళకి చెబుతున్నాను. పత్తి తీతలు మొదలయ్యాయంటే ఇంట్లో ఒక గది ఖాళీ చేసి దూలాలదాకా పత్తి నింపుతాం. అమ్మేదాకా మేం వసారాలో పడుకుంటాం, పత్తి గదిలో పడుకుంటుంది. ఏది దాచాలన్నా అందులోనే. నగలు దాస్తాం. కోడలి కంట పడకూడనివి అత్త, అత్త కంట పడకూడనివి కోడలు దాస్తారు. ఏ దొంగా అంత పత్తి తోడలేడు. శివ వాళ్ళమ్మ, పోయింది మహాతల్లి, బెల్లం అచ్చులు అందులోనే దాచేది. చిన్నప్పుడు వీడు ఎలకలా తవ్వి పట్టుకొచ్చి గోడమీంచి నాకూ ఒక ముక్క ఇచ్చేవాడు. నేను అప్పుడే కాపరానికొచ్చిన కొత్తకోడల్ని. బిందుమాధవికి పురుగుమందు డబ్బా దాచాల్సి వచ్చేసరికి చెయ్యి అలవాటుగా పత్తిలోకే వెళ్ళింది. నేనైనా అదే చేసేదాన్ని.

"ఏం చెయ్యమంటారు నన్ను?" అన్నాను.

"ఆయన్ని ఒంటరిగా వదలకండి. ఆ డబ్బా మీ చేతికి రావాలి. తిట్టకండి. ధైర్యం చెప్పకండి, నీకేం తక్కువ అనకండి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి."

"అయ్యయ్యో, లేని ఆలోచన నేనే ఎక్కించినట్టవదూ?"

"అవదండి. లోపల కుక్కుకున్నది బయటికొస్తుంది. ఆయన చెప్పేది వినండి. మధ్యలో మాట్లాడకండి, అంతే. ఈవిడ బయల్దేరుతున్నారు."

మధ్యలో మాట్లాడొద్దంట! నాకు చెబుతోంది!

పెట్టెయ్యబోతూ బిందుమాధవిని మళ్ళీ పిలిపించి అడిగాను, "నేనే దొరికానా నీకు?" అని. అడగాల్సిన సమయం కాదని తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"నువ్వైతే భయపడవక్కా" అంది.

భయపడలేదని ఎవరన్నారు? పోతూ పోతూ మిరపకాయల గంప చంకనెత్తుకున్నాను. మూడేళ్ళు గుమ్మం తొక్కని మనిషి ఉత్తచేతులతో వెళితే వాడికి అనుమానం రాదూ? చేతిలో పనుంటే ఆడది ఎక్కడైనా కూర్చోవచ్చు.

వాళ్ళ వీధి తలుపు జారవేసి ఉంది. వసారాలో కంచంమీద మూత పెట్టి ఉంది. తీసి చూస్తే అన్నం పెట్టింది పెట్టినట్టే ఆరిపోయి ఉంది. పెరటి తలుపులోంచి వాళ్ళ చేను కనపడుతోంది. మొదటి తీత తర్వాత మళ్ళీ చెట్టుచెట్టుకీ పత్తి పగిలి, తీసే దిక్కులేక గాలికి రాలుతోంది. గోడ అవతలనుంచి రోజూ చూస్తూనే ఉన్నాను. పొగరెక్కి వదిలేశారనుకున్నాను. ఒకసారి ఆర్ఎంపీ వచ్చి సెలైన్ పెట్టి వెళ్ళడం చూశాను, తాగి పడుంటాడనుకున్నాను. వాడి చేతికి కొత్తగా తాయెత్తు కనపడితే పిల్లకి సంబంధాలేమో అనుకున్నాను. పిల్ల ఏడో తరగతి. ద్వేషం ఉన్నచోట బుర్ర ఎలా పనిచేస్తుందో చూడండి.

పత్తిగది తలుపు తోశాను. లోపల గడియ వేసి ఉంది.

"శివా!"

చప్పుడు లేదు.

"ఒరేయ్ శివా!"

పక్కకెళ్ళి కిటికీ చూశాను. ఊచలదాకా పత్తి తన్నుకొచ్చి తెల్లగా మూసుకుపోయి ఉంది. వేలు పెట్టి పొడిస్తే మెత్తగా లోపలికి దిగింది. కనపడేదేమీ లేదు. తలుపుకి చెవి ఆనించాను. నా గుండె చప్పుడే నాకు వినపడుతోంది. అప్పుడు పెరట్లోకి పరిగెత్తి గునపం పట్టుకొచ్చాను. కొంగు బిగించి గునపం ఎత్తాను.

"ఎవరూ?" అంది లోపల్నించి గొంతు.

గునపం దించి గోడకి ఆనుకున్నాను.

"నేనురా. వెంకటరావమ్మని."

"నువ్వా వదినా? మాధవి చూస్తే గొడవవుతుంది" అన్నాడు.

"ఊళ్ళో లేదుగా మీ ఆవిడ."

"లేదు. పిన్ని గారి ఊరెళ్ళింది."

"తలుపు తియ్యరా. గొంతెండిపోతోంది, మంచినీళ్ళివ్వు."

"కుండ వసారాలోనే ఉంది వదినా. ముంచుకుని తాగు. నేను పడుకున్నా. తర్వాత రా."

మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదే నన్ను భయపెట్టింది. వీడిది ఎలాంటి గొంతనుకున్నారు? కబడ్డీ ఆడితే కూత పక్కూరికి వినపడేది. ఎద్దుల్ని అదిలిస్తే నా పొయ్యిమీద పాలు తొణికేవి. ఇప్పుడు ఆ గొంతులో ఎత్తూ లేదు పల్లమూ లేదు. బావి అడుగునుంచి మాట్లాడుతున్నట్టుంది.

సరేనని తలుపుకి ఎదురుగా చతికిలబడ్డాను. గంప బోర్లించి మిరపకాయలు నేలమీద పోశాను. గలగలమన్నాయి.

"ఏంటది?" అన్నాడు.

"తాలు ఏరుకుంటున్నా. మా వసారాలోకి ఎండొచ్చింది."

మా వసారాకి సాయంత్రందాకా ఎండ రాదని వాడికి తెలుసు.

కాయ తర్వాత కాయ ఏరుతున్నాను. నాలుక చివరకి మాటలు వచ్చి నిలబడుతున్నాయి. "నీకేం తక్కువరా? ఇంత పంట ఎన్నేళ్ళకి పండింది? పురుగు లేదు, తెగులు లేదు, బంగారంలాంటి పెళ్ళాం, పిల్లలు..." అన్నీ అనేద్దామని ఉంది. నిజంగా అదే నా కోపం. పంట పోయిన ఏడాది ఎవడైనా మంచం పడితే ఊరంతా వెళ్ళి గుమ్మంలో కూర్చుంటాం. పంట ఇలా విరగకాసిన ఏడాది ఒకడు లోపల్లోపల ఎండిపోతుంటే ఎవరికి తడుతుంది? మాటలు మింగాను. మిరపకాయ నమిలి మింగినంత కష్టమైంది.

ఇక అడగాలి. నా నోటికి చావు కొత్తమాట కాదు. పొద్దున లేస్తే కోడిని, కుక్కని, మొగుణ్ణి, ముఠా మేస్త్రిని, అందరినీ నీ పాడె కట్ట అంటాను. ఇదే గుమ్మంలో వీణ్ణి కూడా అన్నాను. ఇప్పుడు ఆ ఒక్క మాట గొంతుకి అడ్డం పడింది.

"శివా, ఒకటడుగుతా. నిజం చెప్పు."

"ఊఁ."

"చచ్చిపోవాలని ఉందా నీకు?"

అవతలనుంచి ఏమీ వినపడలేదు. అడగకూడనిది అడిగానా, ఆ గుంటూరు మేడమ్‌కి మా మనుషుల సంగతి తెలియదేమో, నేనే చంపేశానా అని ఒళ్ళంతా చెమట పట్టింది.

"ఉంది వదినా" అన్నాడు. భోంచేశావా అంటే చేశానన్నంత మామూలుగా.

మధ్యలో మాట్లాడకూడదు. నోరు మూసుకున్నాను. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. మొదట ఒక్కో మాట, తర్వాత ధారగా.

కార్తీకమాసం నుంచి నిద్ర లేదట. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉంటుందట. చేను గట్టుదాకా వెళ్ళేవాడట, లోపలికి అడుగు పడేది కాదట. "పత్తంతా పగిలి తెల్లగా నావైపు చూస్తుంటే భయమేసేది వదినా. తియ్యాలి, తీయించాలి, మనుషుల్ని పిలవాలి. నాతో కాదు అనిపించేది. ఇంటికొచ్చి ఇందులో పడుకునేవాణ్ణి. ఆర్ఎంపీ బలం లేదని సెలైన్ ఎక్కించాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మాధవి అమరావతి తీసుకెళ్ళి ప్రదక్షిణాలు చేయించింది. అందరూ ఏం కష్టమొచ్చిందని అడుగుతారు. ఏం చెప్పను? కష్టమేమీ లేదు. ఏ కష్టమూ లేకుండానే ఇలా ఉన్నానంటే ఇక ఇది పోదు కదా వదినా."

నా చేతులు ఆగిపోయాయి. అవతల వాడు ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది.

"పురుగుమందు డబ్బా నీ దగ్గరుందా?" అన్నాను.

"ఉంది."

"తాగావా?"

"లేదు. ఒళ్ళో పెట్టుకున్నా."

గునపంవైపు చూశాను. టేకు తలుపు, వాళ్ళ తాతలనాటిది. ఎన్ని దెబ్బలకి విరుగుతుందో తెలియదు. లోపల వాడికి కావలసింది ఒక్క గుక్క. గునపాన్ని కాలితో దూరంగా తోసేశాను.

"తెలిసిందా నీక్కూడా? మాధవే పెట్టింది వదినా" అన్నాడు.

"ఏం పెట్టింది?"

"ఈ డబ్బా. ఇదివరకు దొడ్డిగోడ గూట్లో ఉండేది. నేనిక్కడ పడుకోవడం మొదలెట్టాక ఒకరోజు పక్కకి దొర్లితే పత్తిలో చేతికి తగిలింది. సరిగ్గా నా తల పెట్టుకునే చోట. ఇంట్లో ఇంకెవరు పెడతారు? నోటితో చెప్పలేక అలా చెప్పింది. దాని తప్పేం లేదు వదినా. నాతో ఎన్నాళ్ళని వేగుతుంది? రోజూ దీన్ని పక్కన పెట్టుకునే పడుకుంటున్నా, ధైర్యం చాలక. ఇవాళ పొద్దున్నే పిల్లల్ని స్కూలుకి పంపి, పిన్ని గారి ఊరని చెప్పి వెళ్ళిపోయింది. నన్నెప్పుడూ ఒక్కణ్ణీ వదిలి వెళ్ళలేదు. వెళ్ళేటప్పుడు నా మొహం కూడా చూడలేదు. ఇవాళే కానివ్వమని కదా దానర్థం."

దాచినావిడ ఒకటి తలిస్తే దొరికినవాడు దాన్ని ఇలా చదువుకున్నాడు. ఇన్ని రోజులూ ఒకే కప్పుకింద, ఒకరికొకరు అన్నం వడ్డించుకుంటూ, పిల్లల ముందు నవ్వుతూ.

తిట్టొద్దని ఆ మేడమ్ చెప్పిన మాట ఆ క్షణాన ఎటుపోయిందో పోయింది.

"ఒరేయ్ వెర్రివెధవా!" అన్నాను. లేచి తలుపుమీద రెండు చేతులతో బాదాను. "పెట్టలేదురా, దాచింది! నీకు దొరక్కూడదని దాచింది! మన ఇళ్ళల్లో ఏది దాచాలన్నా పత్తిలో కాక ఇంకెక్కడ దాస్తార్రా? మీ అమ్మ బెల్లం ఎందులో దాచేది? అప్పుడూ నీకే దొరికేది, ఇప్పుడూ నీకే దొరికింది. మీ అమ్మ నిన్ను తినమని దాచేదా? చెప్పు!"

తలుపు మళ్ళీ బాదాను.

"పిన్ని ఊరూ లేదు, బాబాయి ఊరూ లేదు. గుంటూరు వెళ్ళింది. నీకోసం డాక్టర్ని వెతుక్కుంటూ వెళ్ళింది. నువ్వు రానన్నావని ఒక్కతే వెళ్ళింది. నీ మొహంలోకి చూస్తే ఏడుపొస్తుందని చూసుండదు."

"నన్ను తలుపు తీయించడానికి చెప్తున్నావు వదినా" అన్నాడు. "అందరూ ఇలాగే ఏదో ఒకటి చెప్తారు."

ఆ వెంటనే ప్లాస్టిక్ మూత తిరిగిన చప్పుడు. చిన్న చప్పుడు. అది నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు వినపడుతుంది.

"శివా, ఆగు. ఒక్క మాట. ఒక్కటే. నాకెలా తెలిసిందిరా?"

"ఏంటి?"

"నువ్విక్కడ పడుకుంటావని, డబ్బా ఇందులో ఉందని, ఈ పూట ఇంట్లో ఒక్కడివే ఉన్నావని నాకెలా తెలిసింది? గోడకి చెవులుంటాయి కానీ కళ్ళు లేవు కదా. మీ ఆవిడే చెప్పింది. ఇందాకే. ఫోన్ చేసింది. నాకు చేసిందిరా! నా నీడ పడితే తలుపేసుకునే మనిషి. నా నోట్లో నువ్వుగింజ నానదని వీధిలో నిలబడి అరిచిన మనిషి. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఇన్నాళ్ళూ కన్నతల్లికి కూడా చెప్పుకోని మనిషి. మీ ఇంటి గుట్టంతా తీసుకొచ్చి ఈ నోటికే అప్పజెప్పింది. రేపు ఊరంతా తెలుస్తుందని దానికి తెలియదా? తెలిసే చేసింది. అక్కా అంది. ఏడ్చింది. నువ్వు పోతే చాలనుకునేదైతే నాకెందుకు ఫోన్ చేస్తుందిరా?"

నా గొంతు పగిలిపోయింది. ఇంక చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాను. వెంకటేశ్వరస్వామికి మొక్కాను, అమరేశ్వరుడికి మొక్కాను. ముఠా మేస్త్రిని క్షమించేశాను.

"అక్కా అందా?" అన్నాడు లోపల్నించి.

"అంది."

"నిన్ను?"

"నన్నేరా. నా చెవులతో విన్నా."

మూత మళ్ళీ తిరిగింది. ఎటువైపు తిరిగిందో చప్పుడుని బట్టి ఎలా తెలుస్తుంది? నేను కళ్ళు మూసుకున్నాను.

గడియ తీశాడు.

తలుపుతో పాటు కొంత పత్తి బయటికి దొర్లింది. వాడి జుట్టునిండా, మాసిన గడ్డం నిండా పత్తి. గోడ అవతల ఉంటూ నేను మనిషిని సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో, సగమైపోయి ఉన్నాడు. డబ్బా నావైపు చాచాడు. మూత గట్టిగా బిగించి ఉంది. అయినా మూతి దగ్గర వాసన చూశాను, వాడి నోరు తెరిపించి అదీ వాసన చూశాను. సిగ్గేంటి, గోడమీంచి నాకు బెల్లం అందించిన పిల్లాడు. డబ్బాని కొంగులో మూటకట్టి నడుముకి బిగించుకున్నాను.

మిరపకాయల ముందు నా పక్కనే కూలబడ్డాడు. కాసేపటికి వాడి కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది. మగాడు ఆడదాని ముందు ఏడవాల్సి రావడం ఎంత నామోషీయో నాకు తెలుసు కదా. "ఘాటురా, మొహం కడుక్కో" అన్నాను.

"ఘాటు కాదు వదినా" అన్నాడు.

వాడు ఒక గుప్పెడు కాయలు తీసుకుని నాతోపాటు ఏరసాగాడు. ఎర్రకాయని తాలులో వేస్తున్నాడు, తాలుని ఎర్రకాయల్లో వేస్తున్నాడు. వెయ్యనిచ్చాను.

పొద్దు వాలుతుండగా బిందుమాధవి వచ్చింది. బస్సు దిగి పరిగెత్తుకొచ్చినట్టుంది, ఒక కాలికి చెప్పు లేదు. గుమ్మంలోనే ఆగిపోయింది. వాణ్ణి చూసింది, తెరిచి ఉన్న పత్తిగది చూసింది, నన్ను చూసింది. నేను కొంగు విప్పి డబ్బా చూపించాను. అక్కడే గడపమీద కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుంది.

"డాక్టరు రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నారు. ఇది జబ్బేనట. చాలామందికి వస్తుందట, మందులున్నాయట" అంది చాలాసేపటికి. రేడియోలో ఎవరో డాక్టరు ఇలాంటి జబ్బు గురించి మాట్లాడితే విని, అడుక్కుంటూ అడుక్కుంటూ ఆ మేడమ్ దాకా వెళ్ళిందట.

"వదిన కూడా వస్తే వస్తా" అన్నాడు వాడు.

అలా మొదలైంది మా గుంటూరు ప్రయాణం. మా ఆయన యార్డు నుంచి తిరిగొచ్చి, నేను పక్కింట్లో అన్నం వండుతుంటే చూసి, దారితప్పి వేరే ఊరొచ్చాననుకున్నాడు. మర్నాడు నా ముఠాని వాళ్ళ చేలోకి పంపించాను. డాక్టరు బిళ్ళలు రాశాడు. బిళ్ళలు పనిచెయ్యడానికి టైము పడుతుందని, అందాకా మనిషిని కనిపెట్టుకుని ఉండమని చెప్పాడు. ఇంట్లో బిందుమాధవి, చేలో మా ఆయన, మధ్యాహ్నం తాలు గంపతో నేను కనిపెట్టుకుని ఉన్నాం. ఒక్కసారిగా ఏమీ బాగవ్వలేదు. ఒకరోజు నవ్వాడనుకుంటే మర్నాడు మళ్ళీ పక్కకి తిరిగి పడుకునేవాడు. ఉగాది దాటాక ఒకరోజు ఎద్దుల్ని అదిలించాడు, నా పొయ్యిమీద పాలు తొణికాయి. పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను.

డబ్బా గురించి వాడు ఏమనుకున్నాడో మాత్రం నేనెవరికీ చెప్పలేదు. ఊళ్ళో సగం కథ తెలిసిపోయింది, కొంత నావల్లే తెలిసింది, అబద్ధమెందుకు? కానీ ఆ ఒక్క సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. తన చేత్తో దాచిన డబ్బాని మొగుడు తన చావుకి పిలుపనుకున్నాడని తెలిస్తే ఆ ఆడది ఏమైపోతుంది? పక్కనే కూర్చుని పప్పు రుబ్బుతున్నప్పుడు ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

వేసవిలో ఒకరోజు గుంటూరులో రహిమున్నీసా గారు వాళ్ళిద్దరినీ కలిపి గదిలోకి పిలిచారు. నేను బయట బల్లమీద కూర్చున్నాను. తలుపు వేసి ఉంది. చాలాసేపు వాడి గొంతే సన్నగా వినపడింది. తర్వాత బిందుమాధవి అరిచిన అరుపుకి అక్కడున్నవాళ్ళంతా తలలెత్తారు. లేచి వెళ్ళబోయి ఆగాను. తలుపు ఆ పక్కన మాట్లాడే మనిషి ఉంది కదా, ఈసారి నా పని కాదు.

బయటికి వచ్చేసరికి ఆమె మొహం ఉబ్బిపోయి ఉంది. వచ్చి నా పక్కన కూర్చుంది. వాడు మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళాడు.

"నీకు ఆ రోజే తెలుసా అక్కా?"

"తెలుసు."

"ఇన్నాళ్ళూ నాతో అనలేదేం?"

"అది వాడు చెప్పాల్సిన మాటే. నాది కాదు."

"నీ నోట్లో నువ్వుగింజ నానదన్నాను" అంది.

"అన్నావు. వీధంతా వినేలా అన్నావు" అన్నాను.

తిరుగు బస్సులో ముగ్గురం పెద్దగా మాట్లాడుకోలేదు. మా ఊరి సెంటర్లో దిగి, ఎండకి కొంగు కప్పుకుని నేను ముందు నడుస్తున్నాను. టీ కొట్టు దగ్గర, కిళ్ళీ కొట్టు దగ్గర బోలెడంతమంది ఉన్నారు. ముఠా మేస్త్రి కూడా ఉన్నాడు.

"అక్కా! ఆగక్కా! గొడుగు బస్సులో మర్చిపోయావు!" అని వెనకనుంచి బిందుమాధవి నా గొడుగు ఎత్తి ఊపుతూ అరిచింది, వీధంతా వినేలా.